పిట్ట వచ్చిన రోజే కనిపిస్తుంది

పార్కు గేటు పక్క క్వార్టర్సు,
వానలు తగ్గిన వారం

అక్కా,

ఇక్కడ ఫోను పలకదని ముందే చెప్పానుగా, చెట్టెక్కినా పలకదు. అందుకే ఈ కాగితాల గొడవ. లాడ్జికి కూరల బండి వచ్చినప్పుడల్లా ఉత్తరాలు తెస్తుంది, పోతూ పోతూ పట్టుకెళ్తుంది. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకుని కూడా చీటీలు రాసుకున్నవాళ్ళం, మనకిదో లెక్కా?

ఇల్లు బాగానే ఉంది. రెండు గదులు, పైన రేకులు, కిటికీలకి దోమల జాలీ, దాని లోపల చెక్క తలుపులు. స్నానాల గది మాత్రం బయట, నాలుగడుగులు నడవాలి. పెళ్ళి ఫోటోలు వదిలి ఇక్కడికొచ్చాక ఆయన పని నీకు తెలిసిందే: వచ్చిన కుటుంబాల్ని జీపులో అడవిలోకి తీసుకెళ్ళడం, జంతువులు కనిపిస్తే చూపించడం, ఫోటోలు తీసి వాళ్ళకే అమ్మడం. నేను లాడ్జి భోజనాల హాల్లో టేబుళ్ళు చూసుకుంటున్నాను. మా పిట్ట ఆ టేబుళ్ళ కిందే పెరుగుతోంది. మూడేళ్ళు నిండాయి, ఒళ్ళు మాత్రం పిట్టలాగే ఉంది, గొంతు మాత్రం ఏనుగుది.

మొన్న నాకు సెలవు. జీపులో ఖాళీ ఉందని ముగ్గురం మొదటిసారి కలిసి లోపలికి వెళ్ళాం. మాతో ఒక జంట, వాళ్ళ కవల పిల్లలు. జీపు నడిపేది పెద్దాయన. అందరూ అలాగే పిలుస్తారు, ఈ అడవిలోనే జుట్టు నెరిసిన మనిషి. "గట్టిగా మాట్లాడకండి, లేచి నిలబడకండి, తినేవి కింద పడెయ్యకండి" అని పిల్లలకి మెల్లగా చెప్పాడు. కవలలు బుద్ధిగా తలూపారు. మా పిట్ట కూడా ఊపింది. ఊపి ఊపి బిస్కెట్ల పొట్లం జీపు కిందికి జారవిడిచింది.

ఇక చూసుకో! ఆ ఏడుపు ఏం ఏడుపే అక్కా! కవలల తల్లి నా వైపు చూసిన చూపుకి నేను సీటు కింద దూరిపోవాలనుకున్నాను. ఆయన కూడా "దాని నోరు మూయించు, ఇవాళ్టికి కొంప ముంచింది" అని పళ్ళు నూరారు. సరిగ్గా అప్పుడే గడ్డి కదిలింది. చిరుత! వంటింట్లోకి పిల్లి వచ్చినంత తీరిగ్గా వచ్చి, దారి అంచున నిలబడింది. మేమందరం ఊపిరి బిగబట్టాం. పిట్ట ఒక్కతే ఏడుస్తోంది. కాసేపటికి అలిసిపోయి ఏడుపు ఆపింది. ఆపగానే అదీ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆయన వచ్చి ఇన్నాళ్ళయినా దాని తోక కూడా చూడలేదు, తెలుసా? "నక్క తోక తొక్కి పుట్టావే తల్లీ" అని పిట్టని భుజాల మీద ఎక్కించుకుని లాడ్జి అంతా ఊరేగించారు. నవ్వు ఆగలేదనుకో. పెళ్ళయ్యాక ఆయన అంత నవ్వడం నేను చూడలేదు.

పెద్దాయన ఒక్కడే ఏమీ అనలేదు. జీపు ఆగాక పిట్టని తనే ఎత్తి దింపి, "ముందు పిల్లని లోపలికి తీసుకుపోమ్మా" అన్నాడు. ఇక్కడివాళ్ళ పద్ధతేమో.

ఆయన తీసిన చిరుత ఫోటో పంపుతున్నాను. బావగారికి చూపించు.

నీ చెల్లి


కళ్ళజోళ్ళ షాపు, కౌంటరు వెనక నుంచి

ఒసేయ్ అడవి మనిషీ,

ఫోటో అందింది. మీ బావ అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇన్నాళ్ళకి మా తోడల్లుడు పెళ్ళికూతురు కానిదాన్ని ఒకదాన్ని ఫోటో తీశాడు" అన్నారు. షాపులో అద్దం పక్కన అంటించాను. కొత్త కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు ముందు తమ మొహం చూసుకుని, తర్వాత దాన్ని చూసి, "అమ్మో, బాగా కనిపిస్తోందండీ" అంటున్నారు. వ్యాపారానికి పనికొచ్చింది నీ చిరుత.

పిట్టకి జుట్టు కత్తిరించావా? కత్తిరిస్తే ఒక కుచ్చు పంపు. పెద్దమ్మ అడిగిందని చెప్పు.

ఇంకో మాట. నువ్వు విసుక్కుంటావని తెలుసు, కందకి లేని దురద కత్తిపీటకెందుకు అంటావు. అయినా చెప్తాను. పొద్దుట్నుంచి జనం కళ్ళలోకి చూడడమే నా పని కదా. "నా ముక్కు చూడండి, ఇప్పుడు నా చెవి చూడండి" అంటూ, ఎవరి చూపు ఎక్కడ ఆగిందో కొలుస్తూ బతుకుతున్నదాన్ని. అలవాటు చొప్పున ఫోటోలో చిరుత కళ్ళు కూడా చూశాను. అది కెమెరాని చూడడం లేదే. కెమెరాకి కాస్త పక్కకి, కాస్త కిందికి చూస్తోంది. మరిది నిలబడే తీసి ఉంటారు. ఆయన పక్కన కూర్చున్నది ఎవరు?

నువ్వే కదూ. నీ ఒళ్ళో పిట్ట కదూ.

అంతమంది ఉన్నారు జీపులో. కవలలు ఉన్నారు, వాళ్ళ అమ్మానాన్నా ఉన్నారు. అది ఒక్కళ్ళనే చూసింది. పెద్దాయన ఎందుకు మాట్లాడలేదో ఆయన్నే అడుగు. నాకేదో బాగాలేదు. పిట్ట కొంచెం పెద్దదయ్యేదాకా అడవిలోకి తీసుకెళ్ళకు. జంతువులు ఎక్కడికీ పారిపోవు, పదేళ్ళు వచ్చాక చూస్తుందిలే.

కోపం తెచ్చుకోకుండా జవాబు రాయి.

అక్క


పార్కు గేటు పక్క క్వార్టర్సు,
సీజను మొదలు

అక్కా,

కోపం తెచ్చుకున్నాను. తెచ్చుకుని, చల్లార్చుకుని రాస్తున్నాను, అందుకే ఆలస్యం.

నీకు అందరి చూపులూ కొలవడం అలవాటైపోయింది. నా పెళ్ళిచూపుల్లో కూడా "ఆయన నీ వైపు చూడట్లేదే, మన హాల్లో వెలుతురు ఎటు నుంచి పడుతోందో చూస్తున్నాడు" అన్నావు, గుర్తుందా? ఫోటోలు తీసేవాళ్ళు అలాగే చూస్తారు. అది తప్పా?

మా సంగతులు చెప్తాను విను. ఆ ఫోటో చూసి లాడ్జి ఓనరు ఎగిరి గంతేశాడు. "పిల్లలతో అడవి" అని కొత్త టూరు పెట్టాడు. చంటిపిల్లలున్న కుటుంబాలే వస్తున్నాయి. అసలు పిల్లలతో అడవికి వెళ్ళాలంటే అందరికీ భయం కదా, అల్లరి చేస్తారనీ, ఒకటికి రెండుసార్లు బాత్రూం అంటారనీ. ఇక్కడ ఆ భయం లేదు. పిల్లలు గోల చేసినా ఆయన ఏమీ అనరు, "చెయ్యనివ్వండి, చెయ్యనివ్వండి" అంటారు. పిట్టని కూడా రోజూ తీసుకెళ్తున్నారు. దానికో ఆకుపచ్చ టోపీ కుట్టించారు, "మా బుల్లి గైడు" అని అందరికీ పరిచయం చేస్తారు. ఆడవాళ్ళంతా దాన్ని ఎత్తుకుని ఫోటోలు దిగుతారు. నేను హాల్లో పని వదిలి వెళ్ళలేను కాబట్టి చాలాసార్లు వెళ్ళేది అదీ ఆయనే.

ఇంకో వింత. పిట్ట వచ్చిన రోజే చిరుత కనిపిస్తుంది. పిట్టకి జలుబు చేసి ఇంట్లో ఉంచిన రోజు ఎంత తిరిగినా గడ్డి తప్ప ఏమీ కనిపించదు. వంటవాళ్ళు కూడా "ఇవాళ పిట్టమ్మ వెళ్తోందా?" అని అడిగి మరీ పందేలు కాస్తున్నారు.

ఒక్కటే ఇబ్బంది. మధ్యాహ్నం పిట్టని పడుకోనివ్వడం లేదు ఆయన. పగలు నిద్రపోతే రాత్రి మనల్ని పడుకోనివ్వదు అంటారు. నిజమే అనుకో. కానీ నిద్ర లేకపోతే పిల్లలెలా ఉంటారో నీకు తెలుసు, ముట్టుకుంటే ఏడుపు. సాయంత్రం జీపు ఎక్కేసరికి రాగం మొదలవుతుంది. ఇంటికొచ్చేసరికి గొంతు పూర్తిగా పోయి ఉంటుంది. దానికి తేనె నాకిస్తున్నాను.

పెద్దాయన జీపు మానేశాడు. ఎందుకో ఓనరుతో గొడవపడి, ఇప్పుడు కూరల బండి నడుపుతున్నాడు. ఈ ఉత్తరం పట్టుకెళ్ళేది ఆయనే. వెళ్ళే ముందు రోజూ పిట్టకి ఒక క్యారెట్టు ఇచ్చి, "అమ్మ దగ్గరే ఉండు" అంటాడు. మనవలు లేని మనిషి కదా.

జుట్టు కుచ్చు ఇందులో పెట్టాను.

నీ చెల్లి


షాపు పైన మా గది

చెల్లీ,

నవ్వులాటలు తర్వాత. ముందు ఇది చదువు, చదివి ఇంకోసారి చదువు.

గొంతు ఎందుకు పోతోందే పిల్లకి? ఎందుకు పడుకోనివ్వడం లేదు? గోల చేసినా ఏమీ అనని గైడు ఎక్కడైనా ఉంటాడా? నువ్వు రాసినవే ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడు. నేను కొత్తగా ఏమీ కలపలేదు.

నిన్న మా షాపుకి చదివే అద్దాల కోసం రిటైరైన ఫారెస్టాయన ఒకాయన వచ్చారు. అద్దం పక్కనున్న ఫోటో చూసి, ఎవరు తీశారు, ఎలా తీశారు అని అడిగారు. పిల్ల ఏడుస్తుంటే వచ్చిందండీ, ఇప్పుడు పిల్ల వెళ్ళినప్పుడల్లా వస్తోందట అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి కౌంటరు మీద పెట్టేశారు. "చిరుతకి ఆ ఏడుపు అంటే తల్లి లేని దూడ అరుపమ్మా. ఒకసారి వస్తే చూడడానికి వస్తుంది. మళ్ళీ మళ్ళీ వస్తోందంటే నేర్చుకుందన్నమాట. ఆ పిల్లని అక్కణ్ణుంచి తీసెయ్యమనండి" అన్నారు. కళ్ళజోడు తీసుకోకుండానే వెళ్ళిపోయారు, మళ్ళీ పిలిచి ఇచ్చాను.

మేకపిల్లని కట్టేసి పులిని పిలవడం విన్నాం. కన్నబిడ్డని ఏడిపించి పిలవడం ఎక్కడా వినలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. అక్కడ పిల్లి చిరుత కాదే, నీ మొగుడు.

నువ్వు గొంతు పోయిందని ఊరికే రాశావా? నిద్ర సంగతి ఊరికే రాశావా? నిన్ను నేను పెంచాను. నీకు చెప్పడానికి నోరు రాని సంగతులన్నీ ఇలాగే, మధ్యలో, క్యారెట్ల పక్కన పెట్టి రాస్తావు. నాకు అర్థమైంది. నీకూ ఎప్పుడో అర్థమైంది.

పిట్టని తీసుకుని వచ్చెయ్. ఏ వంక చెప్పినా సరే. మీ బావ బస్టాండులో ఉంటారు. వచ్చాక మాట్లాడుకుందాం, తిట్టుకుందాం, ఏడుద్దాం. ముందు వచ్చెయ్.

అక్క


లాడ్జి ఆఫీసు నుంచి

వదినగారికి నమస్కారాలు.

మీరూ, అన్నయ్యగారూ క్షేమమని తలుస్తాను. ఇప్పుడు లాడ్జి టపా అంతా నా బల్ల మీదే పంచుతున్నాం. ఆ హడావిడిలో మీ ఉత్తరం పొరపాటున విప్పాను. విప్పాక చదవకుండా ఉండలేకపోయాను. మీ చేతిరాత ఎంత బాగుంటుందండీ! అక్షరాలు ముత్యాలు. మీ చెల్లెలు రాస్తే కోడి కెలికినట్టు ఉంటుంది.

మీ భయం నాకు అర్థమైంది. మీరు పెద్దవారు, పిట్ట మీద ప్రేమతో రాశారు, నేనేమీ అనుకోలేదు. కానీ అడవి సంగతి దూరం నుంచి వేరుగా కనిపిస్తుంది. జీపులో ఉన్నంతసేపు ఏ జంతువూ మీదికి రాదు. జీపు మొత్తాన్ని ఒకే పెద్ద జంతువు అనుకుంటుంది. నేను ఎప్పుడూ పిట్ట పక్కనే ఉంటాను. నేను దాని తండ్రిని వదినగారూ. పరాయివాణ్ణి కాదు.

పిల్లలన్నాక ఏడుస్తారు. మీ ఊళ్ళో ఏడవరా? బజారులో ఏడుస్తారు, బస్సులో ఏడుస్తారు, అదంతా ఎవరికి ఉపయోగం? ఇక్కడ ఆ ఏడుపు వృథా పోవడం లేదు. నిన్న ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళ పాపకి నాలుగేళ్ళు, నడవలేదు. చక్రాల కుర్చీలోంచి జీపులోకి ఎత్తి కూర్చోబెట్టాం. పిట్ట ఏడ్చింది, చిరుత వచ్చింది, ఆ పాప చప్పట్లు కొట్టింది. వాళ్ళ నాన్న దిగాక నా చేతులు పట్టుకుని వదల్లేదు. ఆ సంతోషం మీరు చూసి ఉంటే ఇలా రాసేవారు కాదు.

చిరుతకి అలవాటవుతోంది కూడా. మొదట్లో దారి అంచునే ఆగేది. ఇప్పుడు దారి మీదికి వచ్చి కూర్చుంటోంది. ఆ వెలుతురులో ఆ ముఖం! నేను జీవితమంతా పెళ్ళిపందిళ్ళలో ఎదురుచూసింది ఈ ఒక్క ముఖం కోసమే అనిపిస్తుంది.

మీ ఉత్తరం మీ చెల్లెలికి ఇవ్వలేదు. సీజను మధ్యలో ఆమె మనసు పాడుచెయ్యడం ఎందుకని. మీరు కూడా ఈసారి రాసేటప్పుడు మంచి సంగతులే రాయండి.

మీ మరిది


ఎక్కడ నుంచి రాస్తున్నానో రాయను

అక్కా,

ఈ ఉత్తరం పిట్ట గౌను లోపల కుట్టాను. నీ చేతికి అందిందంటే పిట్ట నీ దగ్గరికి వచ్చేసిందన్నమాట. ముందు దాన్ని ఎత్తుకో. తర్వాత చదువు.

నీ ఉత్తరం నాకు ఇవ్వలేదు. వచ్చిందని పెద్దాయన చెప్పాడు, తనే తెచ్చి ఆఫీసులో ఇచ్చాడట. "మీ అక్క రాతే అమ్మా, కవరు బరువుగా ఉంది" అన్నాడు. ఏం రాశావో నాకు తెలుసులే. తెలిసే ఎదురుచూశాను.

పోయిన వారం హాల్లో పని తక్కువగా ఉంటే నేనూ జీపు ఎక్కాను. ఆయన వద్దన్నాడు, నేను ఎక్కేశాను. పిట్ట నా ఒడి చూడగానే తల వాల్చి నిద్రపోయింది. ఎన్నాళ్ళ నిద్రో. జీపు రోజూ చిరుత వచ్చే మలుపులో ఆగింది. పిల్లలు చూస్తున్నారు, పెద్దవాళ్ళు చూస్తున్నారు, ఏమీ రాలేదు. ఒకాయన వాచీ చూసుకున్నాడు. అప్పుడు నా వెనక నుంచి ఒక చెయ్యి వచ్చింది అక్కా. మెల్లగా, దుప్పటి సర్దుతున్నట్టు వచ్చింది. వచ్చి పిట్ట తొడ మీద గిల్లింది. పిల్ల కెవ్వుమంది. నేను వెనక్కి తిరిగేసరికి ఆ మనిషి కెమెరాలో కన్ను పెట్టి ఉన్నాడు. నా వైపు చూడను కూడా లేదు.

చిరుత ఈసారి ముందు నుంచి రాలేదు. నా పక్క నుంచి వచ్చింది. జీపు చుట్టూ ఒకసారి తిరిగింది. నేను చెయ్యి చాపితే వీపు తగిలేది. అందరూ ఆనందంతో ఒకళ్ళ చేతులు ఒకళ్ళు నొక్కుకుంటున్నారు. నేను పిట్ట నోరు మూసి పట్టుకున్నాను. ఊపిరాడక అది నా వేలు కొరికింది.

ఇంటికొచ్చి స్నానం చేయిస్తూ చూశాను. కొత్తది ఒకటే కాదు. పాతవి కూడా ఉన్నాయి, పచ్చగా మారినవి. అన్నీ గౌను కప్పే చోటే. నేను రోజూ దానికి స్నానం చేయించిన తల్లినే కదా. దోమ కాట్లు అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

ఇంతటితో అయితే జీపు ఎక్కించకుండా ఆపి ఊరుకునేదాన్ని. కానీ పిట్ట ఇంట్లో కూడా ఏడుస్తుంది కదా. పాలు వేడిగా ఉన్నాయని ఏడుస్తుంది, చెప్పు కనబడలేదని ఏడుస్తుంది. మొన్న పొద్దున్న స్నానాల గదికి వెళ్తే, తడి మట్టిలో అడుగులు. గది చుట్టూ ఉన్నాయి, మా కిటికీ కింద ఎక్కువగా ఉన్నాయి, అక్కడ చాలాసేపు కూర్చున్నట్టు. లాడ్జి కుక్క రెండు రోజులుగా కనబడడం లేదు.

ఆ మనిషిని పిలిచి చూపించాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఆ అడుగు పక్కన తన అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. లేచి నన్ను దగ్గరికి తీసుకున్నాడు. "ఇంటికే వస్తోందే! ఇంక ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు" అన్నాడు. ఆ సాయంత్రం కిటికీ చెక్క తలుపులు ఊడదీశాడు. కెమెరాని మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టాడు. మాకూ చిరుతకీ మధ్యలో ఉన్నది ఇప్పుడు ఆ దోమల జాలీయే.

గేటు ఒక్కటే. ప్రతి బండినీ ఆపి చూస్తారు, గేటు వాళ్ళంతా ఆయన మనుషులే. ఇద్దరం వెళ్తే అక్కడే దించేస్తారు. పెద్దాయన బండిలో కూరల బుట్టల వెనక ఒక పిల్ల పడుతుంది, ఒక మనిషి పట్టదు. పిల్ల ఏడవకుండా ఉంటుందా అని ఆయన భయపడ్డాడు. ఉంటుందని చెప్పాను. పిట్టకి కూడా చెప్పాను, పెద్దమ్మ ఇంటికి వెళ్ళేదాకా గట్టిగా మాట్లాడొద్దని.

నేను తర్వాతి బండికి ఏదో వంక చూసుకుని వస్తాను. నా గురించి బెంగ పెట్టుకోకు. దాని క్షేమం పెద్దాయన చేతికే రాసివ్వు. అది తిన్నదా, పడుకుందా, నన్ను అడిగిందా, అన్నీ రాయి. చిన్న సంగతి కూడా వదలకు. ఆ ఉత్తరం వచ్చేదాకా నేను ఊపిరి పీల్చను.

నీ చెల్లి


షాపు పైన మా గది

నా తల్లీ,

వచ్చేసింది. నీ పిల్ల నా దగ్గర ఉంది. ఈ మాట ముందు రాసి, పెన్ను పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

పెద్దాయన కూరల బండి బస్టాండులో వదిలి, బస్సులో వచ్చి షాపు మెట్ల మీద నిలబడేసరికి భుజం మీద పిట్ట, పిట్ట జుట్టులో కొత్తిమీర ఆకులు. దారి పొడుగునా నోరు విప్పలేదట. గేటు దగ్గర బుట్ట కదిలి వేలు నలిగినా చప్పుడు చెయ్యలేదట. ఆ ముసలాయన అది చెప్తూ గుక్కపెట్టి ఏడ్చాడు.

స్నానం చేయించాను. చూశాను. చూసినవి రాయను.

రెండు గిన్నెలు పెరుగన్నం తింది. తిని, నా చెయ్యి పట్టుకునే పడుకుంది. మధ్యాహ్నం పడుకుంటే ఎవరైనా లేపుతారని కాబోలు, కళ్ళు మూసుకుంటూ తెరుస్తూ, తలుపు వైపు చూస్తూ నిద్రపోయింది. షాపు మూసేశాం. మీ బావ వీధిలో హారన్ కొట్టినవాడి మీదకల్లా యుద్ధానికి వెళ్ళారు.

నువ్వు అన్నీ రాయమన్నావు. ఇది రాయాలో వద్దో తెలియలేదు. రాస్తున్నాను.

సాయంత్రం లేచాక బాగానే ఉంది. మీ బావ కళ్ళజోళ్ళ పెట్టెలన్నీ ముందు పోస్తే ఆడుకుంది. ఎండ తగ్గగానే తనే లేచి, ఆకుపచ్చ టోపీ వెతుక్కుని పెట్టుకుని, మెట్టు మీద కూర్చుంది. వీధి వైపు మొహం పెట్టి ఏడవడం మొదలుపెట్టింది. ఏమైందమ్మా, దెబ్బ తగిలిందా, అమ్మ కావాలా అని కంగారుగా ఎత్తుకోబోయాను. కళ్ళలో నీళ్ళు లేవే. ఒక్క చుక్క లేదు. గొంతు మాత్రమే ఏడుస్తోంది. కాసేపు ఏడ్చి, ఆపి, చెవి పెట్టి విని, మళ్ళీ ఏడుస్తోంది. ఎందుకురా ఏడుస్తున్నావు అని అడిగాను. "ఉష్, పెద్దమ్మా" అంది. "ఏడిస్తే నాన్న నవ్వుతాడు."

దాన్ని గుండెకి అదుముకుని అలాగే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఇక్కడ ఎవరూ రారు, నవ్వరు, నువ్వు ఏడవక్కర్లేదు అని చెప్తే, నా మొహం వైపు అదోలా చూసింది. నేను దాని పని లాగేసుకున్నట్టు చూసింది.

పడుకునే ముందు నిన్ను అడిగింది. "అమ్మ ఏది? అమ్మకి క్యారెట్టు దాచాను" అంది. గుప్పిట్లోంచి తీసి చూపించింది. వాడిపోయి ఉంది. నాకు ఇవ్వనంది, నీకేనట.

వచ్చెయ్యవే. వంకలు వెతక్కు, గేటు దూకి వచ్చెయ్. ఆ కిటికీ గదిలో ఒక్కదానివి ఉండకు. తర్వాతి బండిలో నువ్వు లేకపోతే నేనూ మీ బావా పోలీసుల్ని తీసుకుని అక్కడికే వస్తాం.

అక్క


పార్కు గేటు పక్క క్వార్టర్సు

వదినగారికి నమస్కారాలు.

పిట్ట మీ దగ్గర క్షేమంగా ఉందని తెలిసి మనసు కుదుటపడింది. పెద్దాయనని ఓనరు పనిలోంచి తీసేశాడు. పాపం, గేటు దగ్గరే సంచీ వెతికారు, అందుకని ఆయన చేతికి మీరిచ్చిన ఉత్తరం నాకే అందింది.

నాకు కోపం ఏమీ లేదు. మొదట ఓనరు కంగారుపడ్డాడు, పిట్ట లేకపోతే టూర్లు ఏమవుతాయని. నాకూ రెండు రోజులు ఏమీ తోచలేదు. జీపులో ఎంత తిరిగినా ఖాళీ గడ్డి. వచ్చిన పిల్లలంతా అలిగి వెళ్ళిపోయారు.

మీ చెల్లెలు మీ దగ్గరికి వస్తానని గొడవ చేసింది. ఇప్పుడు కాదు, సీజను అయ్యాక నేనే దగ్గరుండి తీసుకొస్తానని చెప్పాను. మీరు పోలీసుల గురించి రాశారు. రండి, తప్పకుండా రండి. ఈ మధ్య వంతెన దగ్గర దారి కొట్టుకుపోయింది, బాగయ్యేసరికి కొంచెం టైము పడుతుంది. కూరలు కూడా అవతల దించి మనుషులు మోసుకొస్తున్నారు.

మీ ఉత్తరం ఆమెకి ఇవ్వకుండా ఉండడం తప్పనిపించింది. పోయినసారి అలా చేసినందుకు బాధపడింది కదా. అందుకని ఈసారి నేనే కూర్చుని చదివి వినిపించాను. వెలుతురు బాగుంటుందని కిటికీ పక్కన కుర్చీ వేశాను. మీరు ఎంత బాగా రాస్తారండీ! జుట్టులో కొత్తిమీర ఆకుల దగ్గర నవ్వింది. బుట్ట కదిలి వేలు నలిగిన చోట చీర కొంగు నోట్లో కుక్కుకుంది. గుప్పిట్లో క్యారెట్టు దగ్గరికి వచ్చేసరికి ఇక ఆపుకోలేకపోయింది. కొంగు తీసేశాను. సన్నగా, ఒకే తీరుగా, చాలాసేపు ఏడ్చింది. తల్లి గొంతుకీ పిల్ల గొంతుకీ ఇంత పోలిక ఉంటుందని నేను ఎప్పుడూ గమనించలేదు.

అది వచ్చింది వదినగారూ. స్నానాల గది దాటి, జాలీ దాకా వచ్చి కూర్చుంది. అంత దగ్గరగా నేను ఎప్పుడూ తియ్యలేదు. ఒక ఫోటో ఇందులో పెడుతున్నాను.

పిట్టని ఇప్పుడే పంపకండి, తొందరేమీ లేదు. కడుపునిండా తిననివ్వండి, పడుకోనివ్వండి. మీరు మాత్రం వెంటనే రాయండి. అది ఏం తిన్నదో, ఎలా పడుకుందో, అమ్మ గురించి ఏమందో, అన్నీ వివరంగా రాయండి. పాత ఉత్తరం రెండోసారి చదివితే అంత ఏడుపు రావడం లేదు.

మీ మరిది